కణపు పొరను పదార్థాలు దాటే విధం – పాడి రైతుకు దానితో ఏమి పని?



ఈ పాఠం వ్రాయడానికి కారణమైన సంగతిని ముందుగా మనవి చేస్తాము. కొంతకాలం క్రిందట మేము ఒక సంఘం లెక్కల తనిఖీకి వెళ్ళినప్పుడు అక్కడి కార్యదర్శి గారు ఒక సభ్యురాలి పాసుపుస్తకం మా ముందు పెట్టారు. ఆమెకు ఉన్నది ఒకే ఒక గేదె. ఆరేడేళ్ళుగా రెండు పూటలా పాలు పోస్తున్న మనిషి. ఐదు రోజులుగా ఆ పాల లాక్టోమీటరు రీడింగు మామూలుగా వచ్చేదానికన్నా మూడు డిగ్రీలు తక్కువగా వస్తున్నది. పాల పరీక్ష యంత్రం చీటీ మీద ‘కలిపిన నీరు’ అన్నచోట 9 శాతం అని పడింది. మేము ఆ చీటీ చూసి, మరి విచారించకుండా, ‘నీరు కలిపినట్లు తేలినది, పాలు తీసుకొనరాదు’ అని పుస్తకంలో వ్రాసి సంతకం చేశాము.

ఆమె పదిమందిలో నిలబడి, “బాబూ, నీళ్ళు కలిపేదాన్నయితే ఇన్నేళ్ళూ కలపకుండా ఉంటానా? వారం నుంచి పాలు ఉప్పగా ఉంటున్నాయని మా కోడలు మొత్తుకుంటున్నది. ఒక్కసారి వచ్చి గేదెను చూడండి” అన్నది. మేము అది ఒక సాకు అనుకున్నాము. మూడు రోజుల తరువాత పశువైద్యాధికారి గారు ఆ ఊరు వెళ్ళి గేదెను పరీక్షించారు. రెండు చన్నులలో పొదుగువాపు ఉన్నదని, అయితే పైకి వాపు గాని నొప్పి గాని కనిపించని రకమని తేల్చారు. పాలలో ఎవరూ చుక్క నీరు కలపలేదు. ‘పాలు ఉప్పగా ఉన్నాయి’ అని ఆమె చెప్పిన మాటే రోగానికి గుర్తు. ఆ మాటను అర్థం చేసుకొనే చదువు మాకు లేకపోయింది.

సహకార డిప్లొమాలో మేము చదివినది చట్టం, ఉపవిధులు, పద్దులు, ఆడిటు. కణం గురించి బడిలో చదివినది ఎన్నడో మరచిపోయాము. ఆ డాక్టరు గారు ఓపికగా చెప్పినదానిని, ఆ తరువాత పుస్తకాలు తిరగవేసి తెలుసుకొన్నదానిని కలిపి ఈ పాఠంగా ఇస్తున్నాము. సంఘ సమావేశంలో ఒకరు చదువుతూ ఉంటే మిగిలినవారు వినడానికి వీలుగా వ్రాశాము.

1. పొర అంటే ఏమిటి?

పశువు శరీరమైనా, మన శరీరమైనా కంటికి కనిపించనంత చిన్న కణాలతో కట్టినదే. ప్రతి కణం చుట్టూ ఒక పొర ఉంటుంది. దీనినే శాస్త్రజ్ఞులు కణత్వచం అంటారు. ఇది ఎంత పలుచన అంటే, లక్షకు పైగా పొరలను ఒకదానిమీద ఒకటి పేర్చితే గాని 1 మిల్లీమీటరు మందం రాదు.

ఈ పొర ముఖ్యంగా కొవ్వుతో తయారైనది. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు డచ్చి శాస్త్రజ్ఞులు రక్తంలోని ఎర్రకణాల నుండి కొవ్వును వేరుచేసి నీటిమీద పరచి చూశారు. ఆ కొవ్వు, కణాల పైభాగాన్ని ఒకసారి కాక రెండుసార్లు కప్పడానికి సరిపోయింది. కాబట్టి పొరలో కొవ్వు రెండు వరుసలుగా ఉన్నదని చెప్పారు. 1972లో సింగర్, నికల్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు మరొక మెట్టు ముందుకు వెళ్ళి, ఆ కొవ్వు పొర మీగడ వలె మెత్తగా కదలాడుతూ ఉంటుందని, అందులో అక్కడక్కడ మాంసకృత్తులు దిగి ఉంటాయని వివరించారు. ఈ మాంసకృత్తులే కణానికి తలుపులు, పంపులు.

నూనెలో ఉప్పు గాని పంచదార గాని కరగవని వంటచేసే ప్రతివారికీ తెలుసు. కణపు పొర కూడా కొవ్వే కాబట్టి ఉప్పు, పంచదార వంటివి దానిగుండా సూటిగా పోలేవు. వాటికి వేరే దారి కావలసి ఉంటుంది.

2. దాటే దారులు

మొదటి దారి, తనంతట తాను పోవడం. దేవుని గదిలో అగరువత్తి వెలిగిస్తే కాసేపటికి వాసన వసారాదాకా వస్తుంది. ఎక్కువ ఉన్నచోటి నుండి తక్కువ ఉన్నచోటికి పదార్థం పాకిపోవడమే ఇది. దీనిని విసరణ అంటారు. ఊపిరితిత్తులలో ప్రాణవాయువు రక్తంలోకి, బొగ్గుపులుసు వాయువు బయటికి ఈ విధంగానే పొరను దాటుతాయి. దీనికి కణం ఏ ఖర్చూ పెట్టదు.

రెండవ దారి నీటిది. మాగాయ పెట్టే ఇల్లాలికి ఇది బాగా తెలుసు. మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు కలిపి జాడీలో ఉంచితే మూడో రోజుకు ముక్క ముడుచుకుపోయి ఊట తేలుతుంది. ముక్క బయట ఉప్పు ఎక్కువ కాబట్టి లోపలి నీరు అటు లాగబడింది. ఎండుద్రాక్షను మంచినీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. అక్కడ లోపల చక్కెర ఎక్కువ కాబట్టి నీరు లోపలికి పోయింది. కరిగిన పదార్థం ఎటు ఎక్కువ ఉంటే నీరు పొరను దాటి అటే పోతుంది. దీనిని ద్రవాభిసరణ అంటారు. నీటికోసం చాలా కణాలలో ప్రత్యేకమైన సన్నని కాలువలు ఉన్నాయని 1992లో రుజువు చేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ ఏగ్రేకు 2003లో నోబెల్ బహుమతి లభించింది.

మూడవ దారి తలుపు. గ్లూకోజు వంటి పదార్థానికి పొరలో దానికి తగిన మాంసకృత్తు ఒకటి ఉంటుంది. అది గ్లూకోజును ఒక ప్రక్క పట్టుకొని రెండవ ప్రక్క వదలుతుంది. ఇక్కడ కూడా ఎక్కువ ఉన్నచోటి నుండి తక్కువ ఉన్నచోటికే ప్రయాణం.

నాల్గవది పంపు. బావిలోని నీరు దానంతట అది పైకి రాదు, మోటారు ఆడాలి, కరెంటు ఖర్చు కావాలి. అట్లే తక్కువ ఉన్నచోటి నుండి ఎక్కువ ఉన్నచోటికి పదార్థాన్ని తోయాలంటే కణం శక్తిని ఖర్చుపెట్టాలి. ఉప్పులోని సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి నెట్టే పంపును 1957లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు జెన్స్ స్కౌ కనుగొన్నాడు. 1997లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ పంపు ఒకసారి ఆడితే మూడు సోడియంలు బయటికి, రెండు పొటాషియంలు లోపలికి పోతాయి.

ఈ పంపుకు కరెంటు వంటిది ఎ.టి.పి. అనే పదార్థం. 1895లో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1929లో కండరాలలో ఈ పదార్థాన్ని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. మన గేదె తిన్న మేతలో కొంత భాగం, రాత్రింబగళ్ళు కోట్ల కణాలలో ఈ పంపులను ఆడించడానికే ఖర్చవుతున్నది.

ఐదవది మూటకట్టి పంపడం. తలుపుల్లో పట్టని పెద్ద పదార్థాలను కణం తన పొరతోనే చిన్న సంచిగా చుట్టి లోపలికి తీసుకుంటుంది, లేదా బయటికి వదులుతుంది. పాల తయారీలోను, జున్నుపాల విషయంలోను ఈ దారి మనకు మళ్ళీ కనిపిస్తుంది.

3. పొదుగులో పాలు తయారయ్యే తీరు

రక్తాన్ని వడగడితే పాలు వస్తాయని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. రక్తంలో లాక్టోజు లేదు, అది పాలలోనే ఉన్నది. దానిని పొదుగు కణాలే తయారుచేస్తాయి.

పొదుగు లోపల లెక్కలేనన్ని చిన్న తిత్తులు ఉంటాయి. ఒక్కొక్క తిత్తి లోపలి గోడ ఒకే వరుస కణాలతో కట్టి ఉంటుంది. ఆ కణాలకు ఒక ప్రక్క రక్తం, రెండవ ప్రక్క పాలు. ప్రక్కప్రక్క కణాల మధ్య సందు లేకుండా గట్టి అతుకులు ఉంటాయి. 1 లీటరు పాలు తయారు కావడానికి ఆవు పొదుగులో సుమారు 400 నుండి 500 లీటర్ల రక్తం ప్రవహిస్తుందని లెక్క.

పశువు తిన్న మేత నుండి కాలేయంలో తయారైన గ్లూకోజు, రక్తం ద్వారా వచ్చి తలుపు దారిన పొదుగు కణంలోకి పోతుంది. కణంలోపల చిన్న సంచులలో ఆ గ్లూకోజు లాక్టోజుగా, అంటే పాలచక్కెరగా మారుతుంది. లాక్టోజుకు ఆ సంచి పొరను దాటే తలుపు లేదు. అది లోపలే చిక్కుకుపోతుంది. చక్కెర ఉన్నచోటికి నీరు వస్తుందని ఎండుద్రాక్ష దగ్గర చూశాము గదా! అదే విధంగా నీరు సంచిలోకి చేరుతుంది. నిండిన సంచి కణపు అంచుకు చేరి, దాని పొర కణపు పొరతో కలిసిపోయి, లోపలి సరుకు తిత్తిలోకి ఒలుకుతుంది. అందుచేత పొదుగులోకి ఎంత నీరు వస్తుందో నిర్ణయించేది లాక్టోజే. ఆవు 1 లీటరు పాలు ఇవ్వడానికి సుమారు 70 గ్రాముల గ్లూకోజు కావాలి.

కుడితి ఎక్కువ త్రాగిస్తే పాలు పలచబడతాయా అని సభ్యులు తరచు అడుగుతారు. పలచబడవు. లాక్టోజు లాగినంత నీరే పాలలోకి వస్తుంది, ఎక్కువ త్రాగిన నీరు మూత్రంగా పోతుంది. త్రాగడానికి చాలినంత నీరు పెట్టకపోతే మాత్రం పాల దిగుబడి పడిపోతుంది. కాబట్టి పశువు ముందు ఎల్లవేళలా మంచినీరు ఉంచాలి.

ఇక వెన్న సంగతి. కణంలో తయారైన కొవ్వు బొట్టు బయటికి వచ్చేటప్పుడు కణపు పొరను తన చుట్టూ కప్పుకొని మరీ వస్తుంది. పాలలో తేలే ప్రతి వెన్న రేణువు చుట్టూ ఈ పొర ఉన్నది. అందుకే పాలలో వెన్న రేణువులు ఒకదానితో ఒకటి అంటుకొని ముద్ద కావు. కవ్వంతో చిలికినప్పుడు ఆ పొర చిరిగి, లోపలి కొవ్వులు ఒకటై వెన్న పడుతుంది. అనగా కణపు పొరను మన తల్లులు ఏనాటి నుండో చేత్తో ఎరుగుదురు, పేరు మాత్రమే క్రొత్త.

ఉప్పు లెక్క కూడా చూడాలి. ఆవు రక్తపు ద్రవంలో 100 మిల్లీలీటర్లకు సోడియం సుమారు 320 మిల్లీగ్రాములు. పాలలో సుమారు 50 మాత్రమే. పొటాషియం రక్తపు ద్రవంలో సుమారు 20 మిల్లీగ్రాములు, పాలలో సుమారు 150. గేదెలో ఈ అంకెలు కొంచెం మారినా తీరు ఒకటే. రక్తంలో ఆరు రెట్లు సోడియం ఉండగా పాలు ఉప్పగా లేకపోవడానికి కారణాలు రెండు. ఒకటి, వచ్చిన సోడియంను తిరిగి రక్తంవైపు నెట్టే పంపులు. రెండు, కణాల మధ్య గట్టి అతుకులు.

4. అతుకు వదిలితే ఏమవుతుంది?

పొదుగులో సూక్ష్మజీవులు చేరినప్పుడు కణాలు దెబ్బతింటాయి, వాటి మధ్య అతుకులు సడలుతాయి. అప్పుడు రక్తంలోని సోడియం, క్లోరైడు, అనగా ఉప్పు, సందులగుండా పాలలోకి కారుతుంది. పాలలోని లాక్టోజు, పొటాషియం రక్తంలోకి జారిపోతాయి. దెబ్బతిన్న కణాలు లాక్టోజును తక్కువగా తయారుచేస్తాయి. అందుకే పాలు తగ్గుతాయి, తీపి తగ్గుతుంది, ఉప్పన పెరుగుతుంది.

లాక్టోమీటరు పడిపోవడానికి కారణం ఇక్కడే ఉన్నది. పాలు, రక్తం నీటిని లాగే బలంలో ఎప్పుడూ సరిసమానంగా ఉండాలి. లాక్టోజు తగ్గితే ఆ లోటును ఉప్పు పూరిస్తుంది. కాని సుమారు 12 గ్రాముల లాక్టోజు చేసే పనిని 1 గ్రాము ఉప్పే చేయగలదు. అంటే 12 గ్రాముల బరువు పోయిన చోట 1 గ్రాము బరువే వచ్చి చేరుతుంది. అందుచేత వెన్న తీసివేయగా మిగిలే ఘనపదార్థాలు తగ్గుతాయి, పాలు తేలికపడతాయి. లాక్టోమీటరుకు తెలిసినది పాల సాంద్రత ఒక్కటే. అది నీరు కలపడం వలన తగ్గిందో, రోగం వలన తగ్గిందో చెప్పే శక్తి దానికి లేదు.

నేడు చాలా కేంద్రాలలో ఉన్న చిన్న పరీక్ష యంత్రాలు కూడా ‘కలిపిన నీరు’ అన్న అంకెను నేరుగా కొలవవు. ఘనపదార్థాలను బట్టి లెక్కగట్టి చూపిస్తాయి. మేము నమ్మి సంతకం చేసిన 9 శాతం అటువంటి అంకెయే.

మరి నిజం తేల్చేది ఏది? పాలు గడ్డకట్టే ఉష్ణోగ్రత. మంచి పాలు సున్నాకు అర డిగ్రీ పైచిలుకు దిగువన, సుమారు మైనస్ 0.54 సెంటిగ్రేడు వద్ద గడ్డకడతాయి. నూటికి పది వంతులు నీరు చేరితే అది మైనస్ 0.49 దగ్గరికి వస్తుంది. పొదుగువాపు పాలలో లాక్టోజు పోయినా ఉప్పు వచ్చి సరిచేస్తుంది కాబట్టి ఈ ఉష్ణోగ్రత పెద్దగా మారదు. దీనిని నేరుగా కొలిచే క్రయోస్కోపు అనే పరికరం పెద్ద డెయిరీల ప్రయోగశాలల్లో ఉంటుంది. తగాదా వచ్చిన పాల నమూనాను అక్కడికి పంపించమని అడిగే హక్కు సభ్యునికి ఉండాలని మా అభిప్రాయం.

5. ఇంటిలో చేసుకొనే పరీక్ష

పైకి కనిపించని పొదుగువాపును బట్టలు ఉతికే సబ్బు పొడితో పసిగట్టవచ్చు. 1957లో అమెరికాలో షామ్, నూర్లాండర్ అనేవారు తయారుచేసిన కాలిఫోర్నియా పరీక్ష సూత్రమే ఇది.

100 మిల్లీలీటర్ల నీటిలో 3 గ్రాముల సబ్బు పొడి కరిగించాలి. నాలుగు గిన్నెలు తీసుకొని, ప్రతి చన్ను మొదటి ధారలు వదిలివేసి, నాలుగు చన్నుల పాలు నాలుగు గిన్నెలలో విడివిడిగా కొద్దికొద్దిగా పిండాలి. పాలు ఎన్ని ఉంటే అంత సబ్బు నీరు పోసి, ఒక నిమిషం గుండ్రంగా తిప్పాలి. పాలు ఎప్పటిలా పలుచగా ఉంటే ఆ చన్ను మంచిది. చిక్కబడి, జిగటగా, తీగ సాగితే ఆ చన్నులో రోగం ఉన్నదని అనుమానించాలి.

ఇది ఎట్లా పనిచేస్తుంది? రోగం ఉన్న చన్నులోకి రక్తంలోని తెల్లకణాలు పెద్ద సంఖ్యలో వస్తాయి. జిడ్డు గిన్నెను సబ్బు శుభ్రం చేసినట్లే, తెల్లకణాల చుట్టూ ఉన్న కొవ్వు పొరను సబ్బు కరిగించివేస్తుంది. లోపలి జిగట పదార్థం బయటపడి పాలు చిక్కబడతాయి. ఈనిన మొదటి కొద్ది రోజులలోను, వట్టిపోయే ముందు రోజులలోను రోగం లేకున్నా ఇట్లా కనిపించవచ్చు. ఆ రోజులలో కణాల అతుకులు సహజంగానే కొంత సడలి ఉంటాయి. ఈత చివరలో పాలు కొంచెం ఉప్పబడడానికి కూడా అదే కారణం. పరీక్ష చేసిన పాలను పశువులకు దూరంగా పారబోయాలి.

అనుమానం ఉన్న చన్నును అన్నింటికన్నా చివర పిండాలి. ఆ పాలను సంఘానికి పోయరాదు, నేలమీద పిండరాదు. డాక్టరుకు చూపించాలి. పాలు తీసిన తరువాత చన్ను రంధ్రం వెంటనే మూసుకోదు. ఆ సమయంలో పశువు పేడలో పడుకోకుండా, అరగంటపాటు మేత వేసి నిలబెట్టాలి.

పొదుగులో ఎక్కించిన మందు కూడా పొరలు దాటి రక్తంలోకి, రక్తం నుండి మిగిలిన చన్నులలోకి పోగలదు. ఒక చన్నుకే గదా మందు వేసింది అని మిగిలిన మూడు చన్నుల పాలు పోయడం తప్పు. మందు చీటీ మీద ఎన్ని రోజులు ఆగమని ఉంటే అన్ని రోజులు నాలుగు చన్నుల పాలూ ఆపాలి. ఆ పాలు త్రాగినవారికి హాని, తోడు వేస్తే పెరుగు కూడా సరిగా తోడుకోదు.

6. దూడ పేగులో ఇదే కథ

గేదె, ఆవు కడుపులో ఉన్నంతకాలం తల్లి రక్తంలోని రోగనిరోధక పదార్థాలు మాయను దాటి దూడకు చేరవు. దూడ ఆ రక్షణ లేకుండానే పుడుతుంది. ఆ పదార్థాలన్నీ జున్నుపాలలో ఉంటాయి. అప్పుడే పుట్టిన దూడ పేగు కణాలు వాటిని ముక్కలు చేయకుండా, పైన చెప్పిన మూట దారిన, ఉన్నవి ఉన్నట్లుగా మ్రింగి రక్తంలోకి చేరుస్తాయి. కాని ఈ దారి గంట గంటకూ మూసుకుపోతూ, సుమారు 24 గంటలకు పూర్తిగా మూతపడుతుంది. ఆ తరువాత ఎంత జున్నుపాలు త్రాపినా రోగనిరోధక పదార్థాలు రక్తంలోకి పోవు.

మాయ పడేదాకా దూడను చన్నుకు వదలరాదనే అలవాటు ఇంకా కొన్ని ఊళ్ళలో ఉన్నది. దీనివలన దూడకు అమూల్యమైన గంటలు పోతున్నాయి. నిజానికి దూడ చన్ను కుడిస్తే మాయ పడడానికి సాయమే అవుతుంది. 30 కిలోల దూడకు మొదటి రోజు సుమారు 3 లీటర్ల జున్నుపాలు రెండు మూడు విడతలుగా పట్టాలి. అందులో మొదటి విడత పుట్టిన గంట, రెండు గంటలలోపే పడాలి. ఇరుగుపొరుగుకు జున్ను పంచుకోవడం మన మర్యాద. దూడ వంతు తీరిన తరువాత ఆ మర్యాద జరుపుకొందాము.

దూడకు పారుడు పట్టినప్పుడు ప్రాణం తీసేది చాలా వరకు ఒంట్లోని నీరు, ఉప్పు పోవడమే. పేగు కణాలలో ఒక విచిత్రమైన తలుపు ఉన్నది. అది సోడియం, గ్లూకోజు రెండూ జంటగా వస్తేనే తెరుచుకుంటుంది. వాటి వెంట నీరు కూడా లోపలికి పోతుంది. పారుడు పట్టినా ఈ తలుపు చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఈ జంట ప్రయాణాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల మధ్య కలరా వ్యాపించినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బన్గావ్‌లో డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీరు త్రాగించి వేలమందిని కాపాడారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు అక్కడ 4 లోపుకు తగ్గాయి. 2023లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంట్లో పిల్లలకు విరేచనాలైతే ఉప్పు, పంచదార కలిపిన నీరు ఇస్తాము. దూడకు అదే ఇస్తే పనిచేయదు. పంచదారను గ్లూకోజుగా విడగొట్టే శక్తి దూడ పేగుకు లేదు. విడిపోని పంచదార పేగులో నిలిచిపోయి, మాగాయ ఉప్పు ముక్కలోని నీటిని లాగినట్లు, ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది. పారుడు ఇంకా ఎక్కువవుతుంది. కాబట్టి గ్లూకోజు ఉన్న లవణాల పొట్లమే వాడాలి. దూడలకోసం తయారుచేసినది పశువైద్యశాలలో అడిగి తీసుకొని, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం పాలు పట్టే వేళల మధ్య త్రాగించాలి. పాలు పూర్తిగా మానిపించరాదు. కళ్ళు లోతుకు పోయి, మెడమీది చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా నిలిచి, దూడ లేవలేకపోతే నోటి ద్వారా ఇచ్చేది చాలదు. వెంటనే డాక్టరును పిలిచి నరానికి సెలైను ఎక్కించాలి.

7. కార్యదర్శులకు, పరీక్షకులకు మనవి

(1) ఎప్పుడూ మంచి పాలు పోసే సభ్యుని రీడింగు ఒక్కసారిగా పడిపోతే, నీరు కలిపినట్లు వ్రాసే ముందు ‘పాలు తగ్గాయా? ఉప్పగా ఉన్నాయా? గేదె ఈని ఎన్నాళ్ళయింది?’ అని అడగండి.

(2) అదే రోజున సభ్యుని ఇంటివద్ద నాలుగు చన్నులకూ సబ్బు పొడి పరీక్ష చేయించండి.

(3) సభ్యుని ఎదుట పాలు తీయించి, ఆ పాల రీడింగు కేంద్రంలో పోసిన పాల రీడింగుతో పోల్చండి. రెండూ ఒకటే అయితే లోపం పొదుగులో ఉన్నదని గ్రహించండి.

(4) అప్పటికీ తగాదా తీరకపోతే నమూనాను క్రయోస్కోపు పరీక్షకు పంపండి. ఫలితం వచ్చేదాకా సభ్యుని పేరున ఏమీ వ్రాయకండి.

మొదట చెప్పిన సభ్యురాలి సంగతి ముగించాలి. గేదెకు వైద్యం జరిగింది. ఒక చన్ను బాగుపడింది. రెండవది ఎండిపోయింది. మేము ఆమె మాట విన్న రోజునే డాక్టరును పిలిపించి ఉంటే ఆ మూడు రోజులు కలిసివచ్చేవి, ఆ చన్ను దక్కేదేమో. మేము మళ్ళీ ఆ సంఘానికి వెళ్ళి, పుస్తకంలో వ్రాసిన మాటను కొట్టివేసి, దాని ప్రక్కనే ‘పొరపాటున వ్రాయబడినది, సభ్యురాలి తప్పు లేదు’ అని వ్రాసి, సమావేశంలో అందరి ఎదుట చదివి సంతకం చేశాము. ఆమె నేటికీ మూడు చన్నుల గేదెతోనే రెండు పూటలా పాలు పోస్తున్నది.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. లాక్టోజు తయారీ తగ్గితే పాల పరిమాణం కూడా ఎందుకు తగ్గుతుంది?
2. నీరు కలిపిన పాలకు, పొదుగువాపు పాలకు లాక్టోమీటరులో తేడా ఎందుకు తెలియదు? గడ్డకట్టే ఉష్ణోగ్రతలో ఎందుకు తెలుస్తుంది?
3. దూడ పుట్టిన రెండవ రోజున పట్టిన జున్నుపాలు మొదటి రోజు పాలతో సమానమా?
4. దూడ పారుడుకు పంచదార నీరు ఎందుకు పనికిరాదు?
5. మీ సంఘంలో గడచిన సంవత్సరం ‘నీరు కలిపినారు’ అని వ్రాసినవి ఎన్ని? వాటిలో పొదుగు పరీక్ష చేయించినవి ఎన్ని?